ఆఖరి కాగితాల కోసం

మొన్న కార్తీకంలో టెక్కలి నుంచి కోటబొమ్మాళికి బస్సులో వస్తుంటే కిటికీలోంచి ఒక్కసారిగా ఆ వాసన కొట్టింది. కుళ్ళిన ఆకు, బురద, నిలవ నీరు, వాటన్నిటి అడుగున ఎక్కడో పచ్చి నార. పక్క సీటులోని అమ్మాయి చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుని, "అబ్బా, ఏటండీ ఈ కంపు!" అంది. నేను కిటికీ అద్దాన్ని ఇంకాస్త వెనక్కి తోశాను. "గోగు ఊరేశారమ్మా!" అన్నాను, పండగ కబురు చెప్పినంత సంబరంగా. ఆ అమ్మాయి నన్ను అదోలా చూసింది. చూడదూ మరి! కొత్త పుస్తకం విప్పి వాసన చూసి మురిసిపోయేవాళ్ళని నేను చాలామందిని చూశాను. నాకు మాత్రం పుస్తకాల వాసనంటే ఇదే. జీవితంలో మొదటి పెద్ద కథ నేను ఈ కంపు మధ్యే చదివాను, నీళ్ళలో నిలబడి నార ఒలిచే పదిమంది ఆడవాళ్ళకి వినిపిస్తూ.

గోగు పని చూడనివాళ్ళకి రెండు మాటలు చెప్పాలి. మనిషి కంటే ఎత్తు పెరిగిన గోగుమొక్కల్ని కోసి, కట్టలు కట్టి, మడుగులో ముంచి, పైన మట్టిపెళ్ళలు బరువు పెడతారు. రెండు మూడు వారాలకి బెరడు కుళ్ళి మెత్తబడుతుంది. అప్పుడు ఆడవాళ్ళు నీళ్ళలో దిగి, ఒక్కో కర్ర మీదనుంచి బెరడు ఒలిచి, జాడించి నార తీస్తారు. అరవైల చివర మా ఊళ్ళో వరికోతలకి ముందు ఆడవాళ్ళకి దొరికే పని అదే. అది కూడా అందరికీ దొరికేది కాదు. ముఠాలుండేవి. మా ముఠాలో పదకొండు చోట్లు. నార ఒలిచినా, వరి నాటినా, కోసినా ఆ పదకొండుమందే. ఒకరి చోటు నాలుగు రోజులు ఖాళీగా ఉందంటే అయిదో రోజు ఇంకో ఇంటి మనిషి వచ్చి నిలబడుతుంది. ఇక ఆ చోటు వాళ్ళదే. తమ్ముడు పుట్టాక అమ్మ మంచం దిగలేకపోయింది. నాన్న పాలేరు. ఆయన తెచ్చే గింజలతో ఇల్లు గడవదు. అందుకని అయిదో తరగతి మధ్యలో బడి మాన్పించి నన్ను అమ్మ చోట్లో నిలబెట్టారు. నాకు పదకొండేళ్ళు. అమ్మకి నడుము దాకా వచ్చే నీళ్ళు నాకు చంకల దాకా వచ్చేవి.

ముఠాకి పెద్ద దాలమ్మ. మాలో అక్కని అప్ప అంటారు. ఆమె మాత్రం ఊరందరికీ అప్పే. పొడుగు మనిషి. మొగుడు లేడు, పిల్లలు లేరు. అడ్డచుట్ట కాల్చేది, అంటే నిప్పున్న కొసని నోటి లోపలికి పెట్టుకుని. చుట్ట నోట్లో ఉన్నంతసేపు మాటుండదు, కళ్ళతోనే పని చేయించేది. చుట్ట బయటికి తీసిందంటే ఎవరికో మూడిందన్నమాట. మొదటి వారం నా వైపు తిరిగి ఆమె చుట్ట తీయనేలేదు. నేను ఒలిచిన నార తెగి ముక్కలైనప్పుడు కూడా, తన చేతిలో కర్ర నాకు కనబడేలా పట్టుకుని, నెమ్మదిగా ఒలిచి చూపించి ఊరుకుంది.

నాకొక రహస్యం ఉండేది. మా పంచాయతీ గదిలో ఒక చెక్క బీరువా ఉండేది, అదే గ్రంథాలయం. దాన్ని చూసుకునే పెద్దాయన నేను నాన్న కోసం పుస్తకాలు అడుగుతున్నాననుకుని ఇచ్చేవారు. నాన్నకి అక్షరం ముక్క రాదని ఆయనకి తెలియదు, నేను చెప్పలేదు. బడి మానేశాక కూడా ఆ పని మానలేదు. ఒకరోజు మధ్యాహ్నం అంబలి తాగే వేళ, మడుగు గట్టున అందరికీ వీపు పెట్టి కూర్చుని ఒళ్ళో పుస్తకం విప్పాను. వెనకనుంచి నీడ పడింది. దాలమ్మప్ప చుట్ట తీసేసింది.

"ఏటే గుంటా అది?"

"పుస్తకం అప్పా."

"లోపలేటున్నాది?"

"కత. నాన్న ఓడెక్కి పోయి తిరిగి రాడు. కూతురు పడవేసుకుని ఎతుకుతాది."

"దొరికినాడేటి?"

"నాకింకా తెల్దు. సగమే అయింది."

ఆమె అందరి వైపూ ఒకసారి చూసింది. "సూడండే దీన్ని! ఉల్లిపాయ ముక్క దొరికితే పదకొండుమందిమి పంచుకుంటాం. ఇది అంత కత మూల కూకుని ఒక్కత్తే తింటన్నాది. మొదట్నించీ సదువు!"

చదివాను. పేజీన్నర అయ్యేసరికి రైతు గట్టు మీదనుంచి పనికి కేకేశాడు. అందరూ లేచారుగాని ఎవరూ కదల్లేదు, తండ్రి ఓడ అప్పుడే గాలివానలో చిక్కుకుంది. అప్పుడు దాలమ్మప్ప చేసిన ఏర్పాటు ఈ రోజుకీ తలుచుకుంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది. నన్ను గట్టు మీదే కూర్చోమంది. మిగతా పదిమందీ నీళ్ళలో దిగారు. పొద్దు వాలేసరికి ఒక్కొక్కరూ తమ నారలోంచి ఇన్ని గుప్పెళ్ళు తీసి నా పేరన కుప్ప పోశారు. రైతు వచ్చి చూస్తే పదకొండు కుప్పలూ ఉన్నాయి. ఆయనకి ఇంకేం కావాలి? ఆ రోజునుంచి పని అలాగే నడిచింది. నీటి మీద మాట తేలిపోతుంది, గాలి ఎత్తుకుపోతుంది. అందుకని అవతలి గట్టు దగ్గరున్న ఎర్రమ్మకి వినబడేలా కేకేసినట్టు చదవాలి. నా గొంతు తగ్గిందా, "ఎనకనోళ్ళం సచ్చిపోనామనుకున్నావేటే!" అని అరిచేది ఎర్రమ్మ. పడవకి చిల్లు పడిన పేజీ దగ్గర దాలమ్మప్ప చుట్ట సంగతే మరిచిపోయి నాలిక కాల్చుకుంది. అందరూ నవ్వితే ఒక్కసారి కళ్ళెర్రజేసి, మళ్ళీ నాకు సైగ చేసింది, కానీయమని.

ఎనిమిది రోజులు అలా సాగింది. తొమ్మిదో రోజున పేజీ తిప్పితే తరవాత అట్ట. మధ్యలో ఆఖరి కాగితాలు లేవు! చెదలు తినేసి అంచులు మాత్రం మిగిలాయి. పడవ అప్పుడే దీవి ఒడ్డుకి చేరింది. నీళ్ళలో పదిమందీ చేతులాపి నావైపే చూస్తున్నారు. లేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. తల ఎత్తి, కథ నేనే అల్లేశాను. కూతురు దీవి దిగింది, గడ్డం పెరిగిన తండ్రి కనబడ్డాడు, కౌగిలించుకున్నాడు, ఇద్దరూ పడవెక్కి ఇంటికొచ్చేశారు, తల్లి పాయసం వండింది. ఎర్రమ్మ కళ్ళు తుడుచుకుంది. నేను గర్వంగా పుస్తకం మూశాను.

దాలమ్మప్ప చుట్ట తీసింది. "ఇది పుస్తకంలోదేటి?"

"అవునప్పా."

"కాదు. నువ్వు సదివినప్పుడు నీ కళ్ళు కిందుంటాయి. ఇటునించి అటు పోతాయి, మల్లీ ఇటొస్తాయి, మగ్గం మీద నాడెలాగ. ఇప్పుడు మబ్బులకేసి సూసి సెప్పినావు. కాయితం కూడా తిప్పనేదు. అంత కత తిప్పకండా ఎలగొచ్చినాదే?"

నేను ఏడుపు మొదలుపెట్టాను. ఎర్రమ్మ జాలిపడి, "పోనీయప్పా, బాగానే సెప్పింది కదా. కతే కదా!" అంది. దాలమ్మప్ప గొంతు పెంచలేదు. "కతే. నాకు సదువు రాదు, దానికొస్తాది. అదేటి సెప్తే నాకు అదే పుస్తకం. అదే అబద్దమాడితే నాను మరెవుల్ని అడగాల?" అంది. ఆ తరవాత నేను ఎన్నో పుస్తకాలు చదివాను, చదువు గురించి పెద్దపెద్దవాళ్ళు రాసినవి కూడా. చదువొచ్చినవాళ్ళకి రానివాళ్ళ దగ్గర ఉండాల్సిన భయం గురించి ఇంత సూటిగా నాకు ఇంకెవరూ చెప్పలేదు.

ఆ సాయంత్రమే ఆమె తడి చీరతో గ్రంథాలయం గుమ్మం ముందు నిలబడింది. పెద్దాయన కంగారుపడ్డారు. "నాన్నగారు చదువుతున్నారనుకున్నానే!" అని నావైపు చూసి, కోప్పడకుండా పట్టీలు తిరగేశారు. ఈ పుస్తకం ఇంకొకటి కోటబొమ్మాళి హైస్కూలు లైబ్రరీలో ఉందని చెప్పారు. ఆ వారం సంతకి ముఠా అంతా కదిలింది. సంతకి వెళ్ళినట్టే వెళ్ళి, పదకొండుమందిమీ హైస్కూలు వరండా ఎక్కాం. హెడ్మాస్టరుగారు బయటికొచ్చి, "ఏం కావాలమ్మా?" అన్నారు.

"పుస్తకం బాబూ. ఆకరి కాయితాలు సాలు" అంది దాలమ్మప్ప.

సంగతంతా విని ఆయన నవ్వారు. మంచి మనిషే. "ఇక్కడి పుస్తకాలు ఇక్కడ చదివే పిల్లలకే ఇవ్వాలమ్మా, అది రూలు" అన్నారు.

"అయితే దీన్ని సేర్సుకోండి."

ఆయన ఇంకా నవ్వుతూనే, "ఇప్పుడెలాగ? జూన్‌లో రండి, చూద్దాం" అని లోపలికి వెళ్ళిపోయారు. పట్నం మనిషి వదిలించుకోవడానికి అన్న మాటని మా వాళ్ళు మాట ఇచ్చినట్టుగానే తీసుకున్నారు. కోతలు కోస్తూ, నూర్పులు నూరుస్తూ, "జూన్‌కి ఇంకెన్నాళ్ళే?" అని నన్నడిగేవారు. తండ్రి దొరికాడా లేదా అని ముఠా రెండుగా చీలిపోయి ఆ శీతాకాలమంతా తగువులాడుకుంది.

వేసవి చివర దాలమ్మప్ప మా ఇంటికొచ్చింది. నాన్న ఎడ్లకి కుడితి పెడుతున్నాడు. అమ్మ మంచం మీద గోడకి చేరగిలబడి తమ్ముణ్ణి జోకొడుతోంది. ఆ వారమంతా నాన్న ఒకటే మాట: నాట్లు వస్తున్నాయి, చోటు పోతే మళ్ళీ రాదు.

"ఒరే, పైడిని ఇస్కూల్లో సేరుస్తన్నాం" అంది దాలమ్మప్ప నన్ను చూపించి.

"ఆడగుంటకి హైస్కూలేటప్పా? ఈళ్ళమ్మ సోటు ఎవులు సూస్తారు?"

"సోటు ఎక్కడికీ పోదు. రోజుకొక్కత్తిమి దాని వరస కూడా నాటతాం. పదిమందిమున్నాం. సెలవులకి అదే వస్తాది."

"రెండు వరసలు ఒక్క మనిసి నాటతాదేటి? నడుం ఇరిగిపోతాది."

"ఇరిగితే నా నడుం ఇరుగుతాది. నీకేటి?"

నాన్న కుడితి కుండ కింద పెట్టి, కాదని చెప్పడానికి నోరు తెరిచాడు. ఆమె ఇంకో అడుగు ముందుకేసి, "సరే, ఇది సెప్పు. ఆ కూతురికి తండ్రి దొరికినాడేటి, నేదేటి?" అంది.

నాన్న మొహం చూడాలి! ఆ రోజుల్లో మడుగుకి ఆవల ఎడ్లు మేపుతూ ఆయన కూడా మొదటినుంచీ విన్నాడని అప్పటిదాకా నాకు తెలియదు. తల గోక్కుని, ఎడ్లకేసి చూసి, "నాకేటి తెల్సు. నాను దీవి దాకానే ఇన్నాను" అన్నాడు. మంచం మీదనుంచి అమ్మ నవ్వింది. కాన్పు తరవాత ఆమె పైకి నవ్వడం నేను వినడం అదే మొదలు.

"మరైతే పంపించు" అంది దాలమ్మప్ప.

బడి తెరిచిన రోజున పొద్దున్నే పదకొండుమందిమి వరండాలో ఉన్నాం. "రమ్మన్నారు బాబూ, వచ్చీసినాం" అంది దాలమ్మప్ప. హెడ్మాస్టరుగారికి గుర్తుకు రావడానికి కాస్త సమయం పట్టింది. గుర్తొచ్చాక ఈసారి ఆయన నవ్వలేదు. అయిదో తరగతి పూర్తి కాలేదు కాబట్టి చిన్న పరీక్ష పెడతానన్నారు. పాసైతే ఆరులో చేర్చుకుంటారు, లేకపోతే లేదు. నన్ను గదిలోకి పిలిచి ఒక పాఠం తీసి ఇచ్చారు. నేను ఊపిరి నిండా పీల్చి మొదలుపెట్టాను. మడుగు గొంతు తప్ప నాకింకో గొంతు లేదాయె! ఆయన కుర్చీలో ఉలిక్కిపడ్డారు. పక్క తరగతుల్లో గోల ఆగిపోయింది. "మెల్లిగా తల్లీ, నేను ఎదురుగానే ఉన్నాను" అన్నారు. వరండాలోంచి వెంటనే ఎర్రమ్మ కేక: "తగ్గించకే! ఎనకనోళ్ళం ఇక్కడున్నాం!" ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, పాఠం చివరిదాకా అలాగే చదవనిచ్చారు.

లెక్కల దగ్గర నా పని అయిపోయింది. నా బీరువాలో లెక్కల పుస్తకం ఒక్కటీ లేదు మరి. "పావులో సగం ఎంత?" అన్నారు. నాకు పావంటే తెలుసు, సగమంటే తెలుసు, రెండూ కలిపితే ఏమవుతుందో తెలియదు. ఇంటికి నడిచి వెళ్ళడం, నాన్న "నాను సెప్పనేదేటి" అనడం, రేపటి నాట్లు, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. కిటికీ ఊచల అవతల దాలమ్మప్ప చుట్ట తీసేసి, నెమ్మదిగా, నార ఒలిచి చూపించినప్పటిలాగే, మేం గింజలు కొలిచే కొలతల్లో, "కుంచంలో పావేటే?" అంది.

"మానిక."

"మానికలో సగం?"

"తవ్వ!" అని అరిచాను.

"పక్కనుంచి చెప్పకూడదమ్మా" అంటూనే హెడ్మాస్టరుగారు నావైపు వంగారు. "తవ్వలు ఎన్నయితే కుంచం?"

"ఎనిమిదండీ."

"అంటే పావులో సగం?"

నా తలలో ఏదో తలుపు దభాలున తెరుచుకుంది. "ఎనిమిదో వంతు!" అన్నాను. ఆ మాట పూర్తిగా బయటికి రాకముందే వరండాలో ఈలలు. ఈల వేసింది ఎర్రమ్మేనని తరవాత తెలిసింది. మర్నాడు నాన్న ఉతికిన పంచె కట్టుకుని వచ్చి వేలిముద్ర వేశాడు.

లైబ్రరీ పుస్తకం నా చేతికి రావడానికి ఇంకో నెల పట్టింది. దారిలో ఒక్క పేజీ కూడా విప్పలేదు. చాలా కష్టపడి విప్పలేదు! ఆదివారం నాట్ల దగ్గర, సన్నగా వాన పడుతుంటే, తాటాకు గొడుగు కింద గట్టు మీద నిలబడి ఆ ఆఖరి కాగితాలు చదివాను. నా కళ్ళు కిందికే ఉన్నాయి. తండ్రి దొరికాడు. కానీ ఇంటికి రానన్నాడు, అక్కడ అతనికి వేరే బతుకుంది. కూతురు ఒక్కతే పడవ తిప్పుకుని వెనక్కి బయలుదేరింది, ఇప్పుడామెకి సముద్రం తెలుసు, అంతే కథ. పొలంలో ఒకటే తిట్లు. "ఆడి మొకాన బురదెయ్య!" అని ఎర్రమ్మ నిజంగానే బురద విసిరింది. దాలమ్మప్ప మాత్రం నారుకట్ట చేత్తో పట్టుకుని నడుం ఎత్తి, "నువ్వు సెప్పిన ఆకరే బాగున్నాది గుంటా" అంది. తరవాత మళ్ళీ వంగి నాటుతూ, "అయినా నాకు ఇదే కావాల" అంది.

ఆమెకి అక్షరాలు నేర్పుతానని నేను చాలాసార్లు వెంటపడ్డాను. ప్రతిసారీ తల అడ్డంగా ఊపేది. ఒకసారి మాత్రం చెప్పింది: "నాను నేర్సుకుంటే నువ్వు మాకాడికి రావడం మానెత్తావు."

నా బడి మూడేళ్ళే సాగింది. ఎనిమిదో తరగతి అయ్యాక ఇంటి పరిస్థితి మళ్ళీ తిరగబడింది, ఈసారి ఎవరూ ఆపలేకపోయారు. కానీ అప్పటికే నేను చదవడం ఎవరూ లాక్కోలేని చోటికి వచ్చేశాను. మిగతా చదువంతా గ్రంథాలయాల్లోనే. బీరువా తరవాత బీరువా, పురుగుమందుల కరపత్రాలనుంచి గ్రహాల మీద పుస్తకాల దాకా వరసపెట్టి చదివినదాన్నని చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు. దాలమ్మప్ప ఉన్నన్నాళ్ళూ అందులో మంచివన్నీ ఆమె ముందు బిగ్గరగా చదివాను. ఆమె పోయి చాలా కాలమైంది.

ఆ మూడేళ్ళూ పొద్దున్నే హైస్కూలుకి నడిచే మూడు మైళ్ళలో నేనొక లెక్క వేసుకునేదాన్ని. పదిమంది, వారానికి ఆరు రోజులు. అందుకని వంతు వారంవారం జరిగిపోయేది. ఇవాళ ఎవరిది? నీలమ్మదా, లచ్చిందా, ఎర్రమ్మదా? తెలియకుండా తరగతిలో కూర్చోలేకపోయేదాన్ని. తెలిశాక, ఆమె రెండు వరసల మీద వంగి ఉంటుందని గుర్తుపెట్టుకుని పుస్తకం తెరిచేదాన్ని. ఇప్పుడు నాకు ఎక్కడికీ నడవక్కర్లేదు. ఇంటి పక్కనే గ్రంథాలయం, పంకా కింద కుర్చీ, అడగ్గానే తెచ్చిచ్చే పుస్తకం. అయినా కుర్చీలో కూర్చుని మొదటి పేజీ విప్పగానే లోపల ఆ ప్రశ్న లేస్తుంది: ఇవాళ ఎవరి వంతు? ఒక పేరు తలుచుకుంటాను. అప్పుడు చదవడం మొదలుపెడతాను.